దత్తుడా? క్రీతుడా?

ఆంధ్రుల చరిత్రమును గూర్చిన ఏ పాఠ్యగ్రంథము తెరచినను మొదటి పుటలలోనే ఒక వాక్యము కనబడును. ఆంధ్రుల పేరు మొట్టమొదట ఐతరేయ బ్రాహ్మణమున వచ్చినదని ఆ వాక్యము. విద్యార్థులు దానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు తెచ్చుకొందురు. ఆ పేరు అచ్చట ఏ సందర్భమున వచ్చినదని అడుగు విద్యార్థి అరుదు. అడిగినచో చెప్పు ఉపాధ్యాయుడును అరుదే. అది యుద్ధమును గూర్చిన ఘట్టము కాదు, రాజ్యస్థాపనను గూర్చినదియు కాదు. ఒక తండ్రి ఆకలికి తాళలేక బిడ్డను అమ్ముకొన్న కథ అది. అమ్ముడుపోయిన ఆ బిడ్డను మరియొకరు దత్తు చేసికొన్న కథయు అదే.

హరిశ్చంద్రునకు సంతానము లేదు. వరుణుని వేడగా రోహితుడు పుట్టెను. పుట్టిన బిడ్డను తనకు బలి ఇమ్మని వరుణుడు పట్టుబట్టెను. పెరిగి పెద్దవాడైన రోహితుడు ఆ మాట విని, విల్లు చేపట్టి అడవికి పోయెను. ఏండ్ల తరబడి తిరుగుచుండగా అక్కడ అజీగర్తుడను పేద బ్రాహ్మణుడు ఆలుబిడ్డలతో ఆకలికి మాడుచు కనబడెను. అతనికి మువ్వురు కొడుకులు. నూరావుల నిత్తును, తనకు బదులుగా ఒకనిని ఇమ్మని రోహితుడు అడిగెను. పెద్దవానిని తండ్రి వదలలేదు. చిన్నవానిని తల్లి వదలలేదు. నడిమివాడు శునశ్శేపుడు ఎవరికిని కాకుండ మిగిలెను. నూరావులు చేతులు మారెను. యజ్ఞశాలలో బాలుని యూపస్తంభమునకు కట్టుటకు ఎవ్వరును ముందుకు రాకపోగా, మరి నూరావులిచ్చిన తానే కట్టెదనని తండ్రి వచ్చెను. నరకుటకు మరి నూరు. బాలుడు దేవతలను స్తుతించగా కట్లు వాటంతటవే ఊడెను. అప్పుడు అజీగర్తుడు తన కొడుకును తనకిమ్మని మరల చేయి చాచెను. తనకంటె మూడువందల ఆవులనే మేలుగా నెంచినవానికి తాను కొడుకును కానని చెప్పి, శునశ్శేపుడు విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి, తన నూటొక్క కొడుకులకును అన్నగా నిలిపెను. వారిలో పెద్దవారైన ఏబదిమంది అందులకు ఒప్పుకొనలేదు. వారి సంతతి దేశపు అంచులకు పోవుగాక అని విశ్వామిత్రుడు శపించెను. ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు వారేనని ఆ గ్రంథము చెప్పుచున్నది.

దీనిని చరిత్రగా నమ్మవలసిన పని లేదు. జాతుల పుట్టుకను శాపములతో వివరించుట ఆ కాలపు పద్ధతి. అయినను దత్తు వచ్చిన పిల్లవానిని అన్నగా అంగీకరింపని వారిగా మన పేరు వాఙ్మయములో తొలిసారి నమోదైనదన్న సంగతి కొంత ఆలోచింపదగినదే. శబరుల పేరు మన పేరు ప్రక్కనే ఉండుటయు గమనింపదగినదే. శబరి పేరు గల నది భద్రాచలమునకు దిగువను కూనవరము వద్ద గోదావరిలో కలియుచున్నది.

ఈ కథలో ఒకే బాలుని విషయమున రెండు వ్యవహారములు జరిగినవి. అజీగర్తుని చేతిలో జరిగినది క్రయము. విశ్వామిత్రుని ఒడిలో జరిగినది దత్తత. రెండింటను బిడ్డ ఒక ఇంటినుండి మరియొక ఇంటికి పోయినాడు. బయటినుండి చూచువానికి రెండును ఒక్కటిగానే కనబడును. ధర్మశాస్త్రకారులకు మాత్రము ఒక్కటిగా కనబడలేదు. మనువు చెప్పిన పన్నెండు విధముల పుత్రులలో దత్తకుడు వేరు, క్రీతుడు వేరు. తల్లిదండ్రులు ప్రీతితో ఇచ్చినవాడు దత్తకుడు. వెలపెట్టి కొన్నవాడు క్రీతుడు. కలియుగమున ఔరసుని, దత్తకుని తప్ప తక్కినవారిని ఒప్పుకొనరాదని తరువాతి నిబంధకారులు నిర్ణయించినారు. వేల ఏండ్లు నడచిన ఆ విచక్షణ 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టములో 17వ సెక్షనుగా నిలిచినది. దత్తత నిమిత్తము ఎవ్వరును ధనము గాని, ఇతర ప్రతిఫలము గాని ఇయ్యరాదు, పుచ్చుకొనరాదు. మీరినచో ఆరు నెలలవరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. దత్తహోమము అక్కరలేదన్న ఆ చట్టమే ఇచ్చుట, పుచ్చుకొనుట మాత్రము తప్పనిసరి అన్నది. హోమము తీసివేసినను మిగిలినది దానమే.

తెలుగు దేశమున బిడ్డకు వెలకట్టు ఆచారము ఒకటి లేకపోలేదు. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోవు ఇంట, కొత్తగా పుట్టినవానిని పెంటమీదనో విస్తరిలోనో పెట్టి, పొరుగువారికి గుప్పెడు తవుటికి అమ్మినట్లు నటించి, తిరిగి తెచ్చుకొందురు. పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య, తవిటమ్మ అను పేర్లు అట్లు వచ్చినవే. ఆ అమ్మకము మృత్యువును మోసగించుటకు ఆడిన నాటకము. బిడ్డ తల్లి ఒడికే తిరిగి చేరును. గుప్పెడు తవుడు ఎవ్వరినిగాని ధనికుని చేయలేదు. నిజమైన ధనము నడిమికి వచ్చినప్పుడు సంగతి మారిపోవును.

దత్తతకు ధనమే అక్కరలేదని దీని అర్థము కాదు. అనాథ శిశువును శిశుగృహములో ఉంచినన్ని దినములు పాలు, మందులు, ఆయా జీతము ఎవరో ఒకరు భరింపవలెను. దత్తు కోరువారి ఇల్లు వచ్చి చూచువారు కావలెను, కాగితములు కావలెను. అందుకే 2017 నాటి దత్తత నిబంధనలు దేశములోని దంపతులకు గృహపరిశీలన నిమిత్తము 6,000 రూపాయలు, శిశుసంరక్షణ నిధికి 40,000 రూపాయలు రుసుముగా నిర్ణయించినవి. విదేశములనుండి వచ్చువారికి ఆ నిధి 5,000 డాలర్లు. ఇది బిడ్డ వెల కాదు, బిడ్డకైన ఖర్చు. ఈ రెండింటికి నడుమ ఉన్నది ఒక సన్నని గీత. ఆ గీత చెరిగిపోయిన చోట జరిగినది ఏమో తెలిసికొనుటకు తెలంగాణ ప్రజలు గ్రంథములు తిరుగవేయనక్కరలేదు. నల్లగొండ జిల్లా దేవరకొండ తండాలవైపు చూచిన చాలును.

1999లోను, మరల 2001లోను హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలపై పోలీసులు దాడులు జరిపినప్పుడు బయటపడిన సంగతులు దేశమంతట పత్రికలకెక్కినవి. లంబాడీ తండాలలో మూడవ ఆడపిల్లయో నాలుగవ ఆడపిల్లయో పుట్టిన ఇండ్లను మధ్యవర్తులు ముందుగనే కనిపెట్టి ఉంచిరి. కాన్పు కాగానే శిశువు హైదరాబాదు చేరును. కాగితములమీద తల్లి స్వచ్ఛందముగా అప్పగించినట్లు వేలిముద్ర ఉండును. ఆ తల్లి చేతికి వచ్చినది వందలలో, మహా అయితే రెండు మూడు వేలలో అని నాటి పత్రికలు వ్రాసినవి. సముద్రము దాటిన చివరి మజిలీలో అదే బిడ్డ పేర చెల్లించిన మొత్తము వేల డాలర్లు. నడుమ నున్న తేడా ఎవరి చేతులలో ఆగినదో చెప్పుటకు గణితశాస్త్రము అక్కరలేదు.

ఆ చివరి మజిలీలో ఉన్నవారు దుర్మార్గులు కారు. ఈ విషయము చర్చించునప్పుడు మనవారు తరచు మరచు సంగతి ఇదియే. అమెరికాలో విదేశీ శిశువును దత్తు చేసికొనుటకు సంస్థల రుసుములు, ప్రయాణములు, న్యాయవాదుల ఖర్చులు కలిపి ఇరువది వేల డాలర్లకు మించుట సామాన్యము. బడిపంతుళ్లు, దాదులు, చిన్న ఉద్యోగులు అంత సొమ్ము ఎచ్చటనుండి తెత్తురు? చర్చిలో విందు పెట్టి చందా వసూలు చేయుదురు. ఇంటిలోని పాత సామాను వాకిట పెట్టి అమ్ముదురు. అట్టముక్కలు కూర్చి బొమ్మ చేయు ఆట యొకటి తెచ్చి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క దాతకు అమ్మి, వెనుక వారి పేరు వ్రాసి, పూర్తియైన బొమ్మను రాబోవు బిడ్డ గదిలో వ్రేలాడదీయుదురు. అక్కడి ప్రభుత్వమును 1996లో చేసిన చట్టముతో దత్తత ఖర్చులకు ఆదాయపు పన్నులో తగ్గింపు ఇచ్చుట మొదలుపెట్టినది. 2024 నాటికి ఆ తగ్గింపు బిడ్డ ఒక్కింటికి 16,810 డాలర్లవరకు పెరిగినది. ఒక శిశువు కొరకు ఊరంతయు కూడి పైసా పైసా పోగుచేయుట చూచినచో ఎవరికైనను కన్ను చెమర్చును. అందులో కపటము లేదు.

అయినను ఆ విందులో పళ్ళెమునకు సొమ్ము చెల్లించిన ముసలమ్మకు తన డాలరు దేవరకొండ తండాకు ఏ దారిని పోవునో తెలియదు. తెలిసికొనవలెనన్న ఊహయు ఆమెకు రాదు. పోగైన సొమ్ము ఒక చోట సిద్ధముగా నున్నదని తెలిసిన తరువాత, ఆ సొమ్మునకు సరిపడు శిశువును వెదకువాడు మరియొక చోట పుట్టుకొనివచ్చును. అనాథలు ఉన్నారు గనుక ధనము పోగైనదనుకొందురు; కొంత కాలము గడచిన తరువాత ధనము పోగైనది గనుక అనాథలు తయారగుదురు. తల్లి బ్రతికియుండగనే బిడ్డ అనాథయగును. సుప్రీంకోర్టు ఈ ప్రమాదమును చాల ముందుగనే గుర్తించినది. లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది 1982లో వ్రాసిన లేఖనే పిటిషనుగా స్వీకరించి, 1984 ఫిబ్రవరిలో జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు, దత్తత సంస్థలు నిజముగా అయిన ఖర్చులు మాత్రమే రాబట్టుకొనవలెనని, ఇది వ్యాపారము కారాదని హెచ్చరించినది. 1993 నాటి హేగు ఒప్పందము 32వ అధికరణము అదే మాట ప్రపంచమంతటికి చెప్పినది. భారతదేశము 2003లో ఆ ఒప్పందమును ధ్రువపరచినది. తీర్పునకును ఒప్పందమును ధ్రువపరచుటకును నడుమ పందొమ్మిది ఏండ్లు గడచినవి. దేవరకొండ వ్యవహారము జరిగినది ఆ నడుమనే.

2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పేదరికమువలన గాని, ఎక్కువ సంతానమువలన గాని, ఆడుబిడ్డ యన్న కారణమున గాని శిశువును అప్పగించుట చెల్లదని ఉత్తరువు చేసినది. 2015 నాటి బాలన్యాయ చట్టము అప్పగింతకు తల్లిదండ్రుల అదుపునకు మించిన శారీరక, మానసిక, సాంఘిక కారణములు మాత్రమే చెప్పినది. లేమి యన్న మాట అందులో లేదు. అప్పగించిన తరువాతను మనసు మార్చుకొనుటకు అరువది దినముల గడువు ఇచ్చినది. బిడ్డను అమ్మినను కొన్నను అయిదేండ్లవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది చేసినచో మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్లవరకు శిక్ష. చట్టము తలుపు గట్టిగనే మూసినది. ఆ తలుపునకు లోపలనున్న ఇంటి పొయ్యి వెలుగుచున్నదా లేదా అన్నది చట్టము చూడలేదు. లేమివలన బిడ్డను ఇయ్యరాదని తల్లికి చెప్పుట న్యాయమే. చెప్పినవారు ఆ లేమిని తీర్చు పూచీయు నెత్తిన వేసికొనవలెను గదా!

ఈ ప్రశ్న భద్రాచలపు అడవి అంచున మరింత పదునుగా నిలుచును. ఇల్లెందు, టేకులపల్లి వైపు లంబాడీ తండాలు; పాల్వంచ దాటినది మొదలు కోయగూడెములు; గోదావరి దాటి దుమ్ముగూడెము, చర్ల మండలములకు పోయినచో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో గుత్తికోయల గుడిసెలు. 2005 తరువాత బస్తరులో చెలరేగిన హింసకు తాళలేక పారిపోయివచ్చిన కుటుంబములు అవి. ఈ ప్రదేశపు చరిత్రయే చేతులు మారిన చరిత్ర. భద్రాచలము 1959వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది, ఆపైన ఖమ్మముది, 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాది. 2014లో పోలవరము ముంపు పేర దాని చుట్టునున్న గ్రామములు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, పట్టణము తెలంగాణలో మిగిలినది. ఒక కాగితముమీద సంతకము సంపాదించుటకు ఏ రాష్ట్రపు కార్యాలయమునకు పోవలెనో చెప్పగలవాడే ఇక్కడ పండితుడు.

ఇక్కడివారికి తెలియని విషయము మరియొకటి కలదు. పైన చెప్పిన 1956 నాటి హిందూ దత్తత చట్టము, కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలవారికి వర్తింపదు. కోయలకు వర్తింపదు, కొండరెడ్లకు వర్తింపదు. 1976 నాటి సవరణతో తెలంగాణలో షెడ్యూల్డు తెగలలో చేరిన లంబాడీలకును వర్తింపదు. వారి దత్తత వారి కులాచారము ననుసరించునది. తల్లిదండ్రులు పోయిన బిడ్డను పినతండ్రియో, మేనమామయో, అవ్వయో ఇంటికి తెచ్చి పెంచుదురు. కాగితము పుట్టదు, రుసుము లేదు, చందా లేదు. అడవిలో అనాథ శరణాలయములు లేకుండుటకు కారణము అనాథలు లేకపోవుట కాదు, బంధువులు ఉండుట. ఆ బంధువుల బలము తగ్గుచున్న చోటనే మధ్యవర్తికి త్రోవ దొరకును. తునికాకు కోతలు, ఇప్పపువ్వు ఏరుట ముగిసి, వానలు పడి, జ్వరముల కాలము వచ్చినప్పుడు గూడెములో గింజ ఉండదు. ఆ నెలలలో కాన్పులో తల్లి చనిపోయిన ఇంటిని ఊహించుకొనవలెను.

ప్రభుత్వపు పథకములు ఆ ఇంటిని ఎట్లు చూచుచున్నవి? గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో భోజనము కలదు. బిడ్డకు ఏడవ నెలనుండి బాలామృతము ఇత్తురు. ఆరేండ్లు దాటినచో ఆశ్రమ పాఠశాల కలదు. బాలింత పోయినది, ఆమె భోజనము ఆమెతో పోయినది. ఏడవ నెల ఇంకను రాలేదు. పుట్టిన దినమునుండి ఆరు నెలలు ఆ బిడ్డ ఏమి త్రాగవలెనన్న ప్రశ్నకు ఈ వరుసలో జవాబు లేదు. అవ్వ మేకపాలు పట్టును, గంజినీళ్లు పట్టును. మోటారుసైకిలుమీద వచ్చినవాడు పాలడబ్బా తెచ్చును. ఒక్క పాలడబ్బాతో అతడు ఆ ఇంటికి దేవుడగును. రెండవసారి వచ్చినప్పుడు సంతానము లేని ఒక మంచి ఇంటిని గూర్చి మాట తెచ్చును.

ఇచ్చట రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. పైన చెప్పిన దత్తత రుసుములు కలిపి 46,000 రూపాయలు. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన మిషన్ వాత్సల్య పథకములో, బిడ్డ తన వారివద్దనే పెరుగుటకు ఇచ్చు సాయము నెలకు 4,000, ఏడాదికి 48,000. బిడ్డను ఒక ఇంటినుండి మరియొక ఇంటికి సక్రమముగా మార్చుటకు ఎంత సొమ్ము కావలెనో, దాదాపు అంతే సొమ్ముతో ఆ బిడ్డను ఏడాదిపాటు పుట్టిన ఇంటిలోనే నిలుపవచ్చును. మొదటి ఏడాది గడిచిన బిడ్డను అమ్మజూపుటకు ఏ అవ్వ చేతులును రావు. కావున దత్తత కొరకు చందాలు పోగుచేయువారు, వారు అమెరికాలో నుండనిండు, ఖమ్మములో నుండనిండు, మొదటి రూపాయి ఈ మొదటి ఏడాదికి పోవునట్లు చూచిన తరువాతనే రెండవ రూపాయిని దత్తతకు కేటాయించుట న్యాయము.

అట్లని దత్తు కోరు దంపతులను నేరస్థులవలె చూచుట తగదు. కొత్తగూడెము గనిలో పనిచేయు కార్మికుడు, పాల్వంచలో చిన్న దుకాణము నడుపు దంపతులు బిడ్డ కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచుచు, న్యాయమైన రుసుము కూడ ఒక్కసారిగా చెల్లింపలేక చీటీలు పాడుకొనుట, నగలు కుదువబెట్టుట అబద్ధము కాదు. ఇట్టివారికి బంధువులు, సహోద్యోగులు చందా వేసికొని సాయపడినచో అది పెండ్లికి చదివింపులు చదివించినంత సహజము. ఆదాయము తక్కువగల దంపతులకు ఆ రుసుమును ప్రభుత్వమే భరించుట ఇంకను మేలు. శిశుగృహములోని బిడ్డను పోషించు బాధ్యత మొదట ప్రభుత్వానిదే గదా, ఆ ఖర్చును తల్లిదండ్రులు కాబోవువారి చేత కట్టించుట ఏమి న్యాయము? న్యాయమైన దారి ఇరుకై, ఖరీదై, ఆలస్యమైనకొలది ఆసుపత్రి వసారాలో నిలబడియున్నవాని దారి వెడల్పగును. ఆ రెండవ దారిలో రుసుము తక్కువ, వేచియుండుట లేదు, రసీదు లేదు.

రసీదన్న మాట భద్రాచలములో తేలికగా పలుకదగినది కాదు. కంచెర్ల గోపన్న ఖమ్మము జిల్లా నేలకొండపల్లివాడు. గోలకొండ ప్రభువు తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, వసూలు చేసిన శిస్తు సొమ్ముతో రామునకు గుడి కట్టించినాడు. సొమ్ము తన సుఖమునకు వాడుకొన్నవాడు కాడు. ఖర్చు పెట్టిన పనియు మంచిదే. అయినను లెక్క అడిగినారు, చెరలో వేసినారు. రామలక్ష్మణులు మారువేషమున వచ్చి ఆరులక్షల మొహరీలు చెల్లించిరన్న కథ పిల్లలందరికి తెలిసినదే. కథ చెప్పువారు సామాన్యముగా దాటిపోవు ముక్క ఒకటి కలదు. సొమ్ము చెల్లించిన రాముడు తానీషా చేత రసీదు వ్రాయించుకొని, దానిని తెచ్చి గోపన్న ప్రక్కలో పెట్టిపోయినాడట. భక్తుని విడిపించుటకు దేవుడు చెల్లించిన సొమ్మునకును రసీదు పుట్టినది. ఇక శిశువును తెచ్చి ఇచ్చెదనని చెప్పి, లక్షయో రెండు లక్షలో నగదుగా చేతిలో పెట్టుమనువాడు రసీదు మాట ఎత్తగానే ఎందుకు జారుకొనునో చెప్పనక్కరలేదు.

రసీదుతోనే అన్నియు తీరవు. హైదరాబాదు వ్యవహారములో కాగితములకు కొదువ లేదు. వేలిముద్రలు కూడ కాగితములమీదనే ఉన్నవి. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి లంబాడీ ఆడశిశువుల అప్పగింతను గూర్చి చేసిన అధ్యయనము ఆ వేలిముద్రల వెనుకనున్న జీవితమును వెదకినది. లంబాడీలలో ఒకప్పుడు వరుడే వధువు ఇంటికి ఓలి చెల్లించెడివాడు. ఎద్దులమీద ధాన్యము, ఉప్పు మోసి బ్రతికిన జాతికి రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వృత్తి పోయినది. పశువులను మేపుకొనిన అడవి చేయిజారినది. చూచుచుండగనే ఓలి పోయి కట్నము వచ్చినది. ఆడుబిడ్డ ఇంటికి ఆస్తిగా నుండినచోట అప్పుగా మారినది. ఒక్క తరములో, రెండు తరములలో వచ్చిన మార్పు ఇది. దీనిని తల్లి కఠినహృదయముగా వర్ణించి వ్రాసిన సంపాదకీయములు ఆ రోజులలో లేకపోలేదు. అజీగర్తుని నిందించుట సులభము. అడవిలో అతనికి అన్నము పెట్టువారెవ్వరును లేకపోయిరన్న సంగతి ఐతరేయము ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిపోయినది.

మిషన్ వాత్సల్య సాయము అందరికిని రాదు. గ్రామములలో కుటుంబపు ఆదాయము ఏడాదికి 72,000 రూపాయలకు మించరాదు. ప్రధానముగా తల్లి వితంతువో, విడిచిపెట్టబడినదో కావలెను. లేదా తల్లిదండ్రులు లేక బిడ్డ బంధువుల ఇంట పెరుగుచుండవలెను. లేదా వారు ప్రాణాంతకమైన వ్యాధితోనో, ప్రమాదమువలన అశక్తులుగనో ఉండవలెను. భర్త బ్రతికియుండి, ఇద్దరును కూలికి పోవుచు, నాలుగవ ఆడపిల్లను కన్న తండా తల్లి ఈ వరుసలో సులభముగా ఇమడదు. 1999లో మధ్యవర్తులు వెదకినది ఆమెనే. పథకము వ్రాసినవారు ఆమెను మరచినారు. లేమి కారణముగా బిడ్డను ఇయ్యరాదన్న శాసనము ఆమెకు తప్పక వర్తించును. లేమి కారణముగా సాయము పొందు హక్కు మాత్రము ఆమెకు లేదు. ఈ వంకర సరిదిద్దుట శాసనసభలో నున్నవారి పని. మిగిలినవారు వారికి గుర్తుచేయగలరు.

అర్హత యున్నవారికి సాయము చేరుట మరియొక చిక్కు. తండ్రి మరణ ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా కావలెను. చర్ల అడవిలోని గుత్తికోయ అవ్వవద్ద వీటిలో ఒక్కటియు ఉండకపోవచ్చును. ఆమె కొడుకు చనిపోయినది సరిహద్దుకు అవతల; తెలంగాణలో ఆమెకు తెగ ధ్రువపత్రము లేదు. అయితే బాలన్యాయ చట్టము సంరక్షణ అవసరమైన బిడ్డను కులమడుగదు, తెగ యడుగదు, ఏ రాష్ట్రములో పుట్టెనని అడుగదు. బిడ్డను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తెచ్చినచో చాలును. కాగితములు పుట్టించు భారము ఆ తరువాత అధికారులది. 1098 అను సంఖ్యకు ఫోను చేసినచో తీసికొనిపోవు ఏర్పాటు కలదు. ఈ సంగతి గూడెమునకు తెలియజేయుటకు వేరు ఉద్యోగి నియామకము అక్కరలేదు. బడికి రాని పిల్ల ఇంట చంటిబిడ్డను ఎత్తుకొని కూర్చున్నదని హాజరుపట్టీలో మొదట తెలిసినది ఉపాధ్యాయునికే. ఎందుకు రాలేదని అడుగబోయిన ఉపాధ్యాయునికి ఆ ఇంట పాలున్నవో లేవో కనబడును. మోటారుసైకిలువాడు ఎన్నిసార్లు వచ్చిపోయెనో ఆ పిల్లయే చెప్పును. దరఖాస్తు ఒక పుటకు మించదు. తెలుగులో వ్రాయవచ్చును.